గీజరుకు తీగ లెక్క ముందు, డిపాజిట్ లెక్క తర్వాత

ప్రశ్న: మాది విజయనగరం, కోటకు దగ్గరలో పాతికేళ్ల నాటి డాబా. మోకాళ్ల నొప్పులతో బాధపడుతున్న మా అమ్మగారి కోసం 4.5 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరు పెట్టించాలనుకుంటున్నాము. స్నానాల గదికి ఇప్పటికే విడిగా ఉన్న 2.5 (చదరపు మిల్లీమీటర్ల మందం) తీగకు 32 ఆంపియర్ల ఎంసీబీ (కరెంటు హద్దు మీరితే సరఫరాను ఆపే స్విచ్) బిగిస్తే 800 రూపాయలతో సరిపోతుందని ఒక ఎలక్ట్రీషియన్ అంటున్నారు. కొత్తగా 4 తీగ లాగి, ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరాను తెంచే పరికరం) పెట్టి, ఎర్తింగ్ బాగుచేయడానికి 9,500 అవుతుందని, అందులో తీగకు, దాని కూలికి 5,200 అని మరొకరు చెప్పారు. నాలుగు నెలల్లో గడువు తీరే మా 50,000 రూపాయల ఏడాది డిపాజిట్‌ను ఇందుకోసం రద్దు చేసుకోవచ్చా?

జవాబు: డిపాజిట్ సంగతి తర్వాత చూద్దాము, ముందుగా ఆ 800 రూపాయల మాటను పక్కన పెట్టండి. 4,500 వాట్లను 230 వోల్టులతో భాగిస్తే 19.6 ఆంపియర్లు వస్తుంది. గోడలోని పైపులో నడిచే 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ సుమారు 20 ఆంపియర్ల దగ్గరే తన హద్దుకు చేరుతుంది. ఎంసీబీ ఉన్నది గీజరును కాపాడటానికి కాదు, గోడలో కనబడకుండా ఉన్న తీగను కాపాడటానికి. కాబట్టి దాని అంకె ఉపకరణం లాగే కరెంటు కంటే తక్కువ కాకూడదు, తీగ ఓర్చుకునే కరెంటును మించకూడదు. 32 ఆంపియర్లది పెడితే, ఏ లోపం వల్లనో 28 ఆంపియర్లు ప్రవహించినా అది కదలదు, ఈలోగా తీగ మీది తొడుగు లోలోపల మాడుతూనే ఉంటుంది.

రెండవ ఎలక్ట్రీషియన్ చెప్పింది 4.5 కిలోవాట్లకు సరైన పద్ధతే: 4 తీగ, 25 ఆంపియర్ల ఎంసీబీ. అంత కరెంటుకు 16 ఆంపియర్ల ప్లగ్గు పనికిరాదు గనుక గీజరును నేరుగా డబుల్ పోల్ స్విచ్‌కు (ఫేజు, న్యూట్రల్ రెండింటినీ ఒకేసారి తెంచేది) కలపాలి. అయితే మీకు అసలు 4.5 కిలోవాట్లే కావాలా అన్నది నా సందేహం. 3 కిలోవాట్ల గీజరు 13 ఆంపియర్లే లాగుతుంది; ఉన్న 2.5 తీగకు, 16 ఆంపియర్ల ఎంసీబీకి అది హాయిగా ఇముడుతుంది. 23 డిగ్రీల ట్యాంకు నీటిని 18 లీటర్ల బకెట్టు నిండా 40 డిగ్రీలకు తేవడానికి పెద్దదానికి ఐదు నిమిషాల లోపు, చిన్నదానికి ఏడు నిమిషాలు పడుతుంది. ఖర్చయ్యే కరెంటు మాత్రం రెండింటిలోనూ యూనిట్లో మూడో వంతు పైచిలుకే. మన జిల్లాలో వేడినీళ్లు తప్పనిసరయ్యేది కార్తీకం నుంచి శివరాత్రి దాకానే కదా, ఆ రెండు నిమిషాల కోసం 5,200 రూపాయలు గోడలో పెట్టడం నాకు సమంజసంగా తోచదు.

మిగిలిన 4,300 రూపాయల పనిలో మాత్రం ఒక్క రూపాయి కూడా తగ్గించవద్దు. తడి ఒంటితో నిలబడే చోట 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ మనిషి ప్రాణానికి, ఎంసీబీ తీగకు. ఒకటి ఉంది కదా అని రెండోది మానరాదు. పాతికేళ్ల ఇంట్లో ఎర్త్ గొయ్యి ఎండిపోయి ఉండవచ్చు, ఎర్తింగ్ సరిగా పనిచేస్తోందో లేదో కొలిపించండి. గోడలో ఉన్నది నిజంగా 2.5 తీగేనా అన్నది కూడా స్విచ్‌బోర్డు విప్పించి, తొడుగు మీది అచ్చును మీరే చదివి తెలుసుకోండి. 1.5 అని ఉన్నా, అల్యూమినియం అయినా కొత్త తీగ తప్పదు.

ఇక డబ్బు విషయం. 4,300 రూపాయలను ఒకటి రెండు నెలల ఇంటి ఖర్చులో సర్దుకోగలిగితే డిపాజిట్‌ను ముట్టుకోనక్కరలేదు. కొత్త తీగ తప్పనిసరై మొత్తం 9,500 కావలసి వస్తే అప్పుడు కూడా రద్దు చేయవద్దు. ముందే తీసుకుంటే బ్యాంకు మీకు ఒకటిన్నర శాతం తగ్గించి వడ్డీ ఇస్తుందనుకుంటే, 50,000 మీద ఎనిమిది నెలలకు 500 రూపాయలు పోతాయి. అదే డిపాజిట్ మీద 10,000 అప్పు తీసుకుంటే, 8 శాతం చొప్పున నాలుగు నెలలకు వడ్డీ 267 రూపాయలే, అసలు డిపాజిట్ గడువు దాకా పూర్తి వడ్డీతో నడుస్తుంది. గీజరు కొన్న దుకాణంలో వడ్డీ లేని వాయిదాలంటే ప్రాసెసింగ్ రుసుము ఎంతో అడిగి, దానిని ఈ 267తో పోల్చి చూడండి.

ఎలక్ట్రీషియన్‌కు చివరి సొమ్ము ఇచ్చే ముందు ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బొత్తాన్ని అమ్మగారి ఎదుటే నొక్కి, సరఫరా టక్కున ఆగిందో లేదో చూసుకోండి.