ఎమ్మెస్సీ మ్యాథ్స్‌లో స్పెషల్ ఫంక్షన్స్ ఇష్టం, దాంతో ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: సార్, నేను ఎమ్మెస్సీ మ్యాథ్స్ ఫస్టియర్. స్పెషల్ ఫంక్షన్స్ (ఫిజిక్స్, ఇంజినీరింగ్ సమీకరణాల్లో పదేపదే వచ్చే, సొంత పేర్లున్న ఫంక్షన్లు) పేపర్ చాలా నచ్చింది, బెసెల్, లెజాండర్ సిరీస్‌లు ఎన్ని గంటలైనా కూర్చుని చేస్తాను. ఇంట్లో మాత్రం బీఈడీ చెయ్యి, లేదంటే కోచింగ్ తీసుకుని సాఫ్ట్‌వేర్‌లో చేరు అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఉన్నదున్నట్టు చెప్తాను, స్పెషల్ ఫంక్షన్స్ వచ్చిన వాళ్ళు కావాలని ఎవరూ నోటిఫికేషన్ వెయ్యరు, ఇంట్లో వాళ్ళ భయం అక్కడే. కానీ ఆ లెక్కలు ఎక్కడ పనికొస్తాయో మీ క్లాసులో బహుశా చెప్పి ఉండరు. జె-జీరో బెసెల్ ఫంక్షన్ మొదటిసారి సున్నా అయ్యేది 2.405 దగ్గర కదా, ఆప్టికల్ ఫైబర్‌లో వెలుగు ఒక్క మోడ్‌లోనే, అంటే ఒకే తీరులో వెళ్ళాలంటే వీ-నంబర్ (ఫైబర్ మందం, వెలుగు తరంగదైర్ఘ్యం లాంటి వాటిని బట్టి వచ్చే అంకె) ఆ 2.405 లోపు ఉండాలి, ఎఫ్ఎం సిగ్నల్‌లో మాడ్యులేషన్ ఇండెక్స్ (ఫ్రీక్వెన్సీ ఎంత ఊగుతుందో చెప్పే అంకె) 2.405 అయితే క్యారియర్, అంటే సిగ్నల్‌ని మోసే అసలు తరంగం, మాయమైపోతుంది, గుండ్రంగా బిగించిన పొర మోగే మొదటి ఫ్రీక్వెన్సీలో కూడా అదే నంబర్. నువ్వు పరీక్ష కోసం బట్టీ పట్టిన అంకె మీ ఇంటికొచ్చే ఇంటర్నెట్ వైర్‌లో ఉందమ్మా.

ఇక అసలు విషయం. జె-జీరో సిరీస్‌లో ఎక్స్ = 1 వేసి చూడు, 1 లోంచి 0.25 తీసేసి, 0.015625 కలిపి, 0.000434 తీసేస్తే 0.76519 వచ్చేస్తుంది, నాలుగు టర్మ్‌లతో పని అయిపోయింది. అదే సిరీస్‌లో ఎక్స్ = 20 వెయ్యి. మధ్యలో ఒక్కో టర్మ్ దాదాపు 76 లక్షల దాకా పెరుగుతుంది, ప్లస్‌లూ మైనస్‌లూ కొట్టేసుకుని చివరికి మిగలాల్సింది 0.167 మాత్రమే! ఏడు అంకెలే గుర్తుపెట్టుకునే సింగిల్ ప్రెసిషన్‌లో చేస్తే ఆ 0.167ని నమ్మడానికి ఉండదు. సిరీస్ అన్ని ఎక్స్‌లకీ కన్వర్జ్ అవుతుందని, అంటే చివరికి సరైన విలువకే చేరుతుందని థియరీ చెప్తుంది, అది నిజమే, కానీ కంప్యూటర్‌లో అది సరిపోదు, పెద్ద ఎక్స్‌కి అసింప్టోటిక్ ఎక్స్‌పాన్షన్‌కి (ఎక్స్ పెద్దదైనప్పుడు బాగా పనిచేసే ఉజ్జాయింపు ఫార్ములాకి) మారాలి. ఎక్కడ మారాలి, ఎర్రర్ ఎంత అని చెప్పగలిగితే నీ చేతిలో పని ఉన్నట్టే, సిమ్యులేషన్, యాంటెన్నా డిజైన్, సిగ్నల్ ప్రాసెసింగ్ వాళ్ళకి కావాల్సింది అదే.

అందుకే ఈ ఏడాదే పైథాన్ మొదలుపెట్టు, దాని సైన్స్ లెక్కల లైబ్రరీ సైపైలో స్పెషల్ అనే మాడ్యూల్‌లో నువ్వు చదివిన ఫంక్షన్లు చాలా వరకు ఉన్నాయి, నువ్వు రాసిన కోడ్‌ని దానితో పోల్చి చూసుకోవచ్చు. ఫార్ములాల కోసం అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్ఐఎస్‌టీ వాళ్ళు 2010 నుంచి ఆన్‌లైన్‌లో ఫ్రీగా పెట్టిన డిజిటల్ లైబ్రరీ చూడు, గైడ్‌లకి డబ్బులు పెట్టక్కర్లేదు.

పరీక్షల సంగతి. గేట్ మ్యాథ్స్ సిలబస్‌లో ఫ్రొబేనియస్ మెథడ్ (డిఫరెన్షియల్ ఈక్వేషన్‌ని సిరీస్‌తో సాధించే పద్ధతి), లెజాండర్, బెసెల్ ఉన్నాయి, నీకిది ప్లస్సే. సీఎస్ఐఆర్ నెట్ మ్యాథ్స్‌లో మాత్రం రియల్ ఎనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా లేకుండా కుదరదు, నచ్చిన చాప్టర్ ఒక్కటే పట్టుకుని వాటిని వదిలేస్తే దెబ్బ తింటావు. నెట్‌లో జేఆర్ఎఫ్ (రీసెర్చ్ చేసేవాళ్ళకిచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకి 37,000 రూపాయలు, పీహెచ్‌డీలో ఇంటి మీద ఆధారపడక్కర్లేదు. డీఆర్‌డీఓ సైంటిస్ట్-బీలో కూడా గేట్ స్కోర్‌తో మ్యాథ్స్ వాళ్ళకి పోస్టులు వస్తుంటాయి, తక్కువే, దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

బీఈడీ తప్పని నేను అనను, టీచింగ్ ఇష్టమైతే మంచి దారి, కానీ నీ ఉత్తరంలో పిల్లలకి చెప్పాలని ఉందని ఒక్క మాట లేదు, సిరీస్‌ల గురించే రాశావు. నాన్నగారితో రెండేళ్ళు టైమ్ అడుగు, ఎమ్మెస్సీ అయ్యేలోపు గేట్, నెట్ రెండూ రాస్తాను, రాకపోతే మీరు చెప్పినట్టే బీఈడీలో చేరతానని చెప్పు, అలా ఒక గడువు చెప్తే వింటారు. ఈలోగా ఈ ఆదివారమే ఎక్స్ = 20 లెక్క సింగిల్ ప్రెసిషన్‌లో ఒకసారి, ఇంకా ఎక్కువ అంకెలు గుర్తుపెట్టుకునే డబుల్ ప్రెసిషన్‌లో ఒకసారి చేసి రెండు ఆన్సర్లూ నాకు పంపు.