మూడిళ్లు మారాం, బాబు లెక్కలు పోయాయి. బడి కూడా మార్చాలా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. పోయినేడు అక్టోబరు వానలకి అద్దింటి మట్టిగోడ కూలిపోయింది. అప్పట్నుంచి మూడు చోట్ల ఉన్నాం. ఇప్పుడు మా తమ్ముడింట్లో ఒకే గదిలో ఏడుగురం. మాకు ఇల్లు లేదని చెప్పుకోలేం, ఉందనీ చెప్పుకోలేం. బాబు 8కి, పాప 5కి వచ్చారు. ఇద్దరిదీ ఒడియా మీడియం సర్కారు బడి. లెక్కల్లో ముందుండే బాబు 7వ తరగతి చివరికి బాగా వెనకబడ్డాడు. ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లిపోయి అక్కడి బడిలో వేయమంటారా? హాస్టలా? మెకానిక్ షెడ్డులో పెట్టమని మా తమ్ముడంటున్నాడు.
– ఒక తల్లి, గజపతి జిల్లా

జవాబు: అమ్మా, ఇల్లు లేదనే చెప్పుకోండి, అందులో నామోషీ ఏమీ లేదు. మన జనాభా లెక్కల్లో ఇల్లులేనివాళ్లంటే రోడ్డు పక్కన, ప్లాట్‌ఫాం మీద, గుడి మండపంలో పడుకునేవాళ్లే. బంధువుల గదిలో సర్దుకున్నవాళ్లు అందులోకి రారు. అమెరికాలో 1987లో వచ్చి తర్వాత సవరించిన మెకిన్నీ-వెంటో చట్టం మాత్రం, ఇల్లు పోయి ఇంకొకరింట్లో తలదాచుకున్న పిల్లల్ని కూడా నిలువ నీడ లేనివాళ్లుగానే చూస్తుంది. వీలైనంతవరకు పాత బడిలోనే కొనసాగించమంటుంది. పిల్లల చదువు వరకు ఆ లెక్కే సరైంది.

పాతపట్నం ఏటికి అవతలే కదా అనిపిస్తుంది, కానీ బడి విషయంలో అది వేరే లోకం. ఒడిశాలో తరగతులు ఏప్రిల్‌లో మొదలవుతాయి, ఆంధ్రాలో జూన్‌లో. పాఠ్యపుస్తకాలు వేరు. ఇంట్లో తెలుగే మాట్లాడినా, ఒడియా అక్షరాలతో ఏడేళ్లు చదివిన పిల్లాడు తెలుగు-ఇంగ్లిష్ పుస్తకం ముందు మళ్లీ మొదటి మెట్టు మీద కూర్చుంటాడు. ఇల్లు పోయిన పిల్లలకి మారకుండా మిగిలేది బడి ఒక్కటే. అదే మాస్టారు, అదే బెంచీ, మధ్యాహ్నం అదే కంచం. దాన్ని కూడా మీ చేత్తో మార్చకండి. పడుకునే చోటు ఎన్నిసార్లు మారినా, అక్కడి నుంచి ఈ బడికి నడిచో సైకిల్ మీదో రాగలిగినంత కాలం ఇక్కడే ఉంచండి. టీసీ మాత్రం తీసుకోవద్దు.

ఒకవేళ మారక తప్పకపోతే, టీసీ ఆలస్యమైందని కొత్త బడి చేర్చుకోకుండా ఉండకూడదు. 2009 విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ అదే చెప్తుంది. పుట్టినతేదీ కాగితం లేదని వెనక్కి పంపకూడదని 14వ సెక్షన్. అయితే ఆ చట్టం 6 నుంచి 14 ఏళ్ల వాళ్లకి, 8వ తరగతి వరకే. 9లో చేరేటప్పుడు కాగితాలు గట్టిగా అడుగుతారు. కాబట్టి బాబు విషయంలో ఈ ఏడాదే అన్నీ సరిచేసుకోవాలి. ఒకటి ముఖ్యంగా చూడండి. తెలుగువాళ్ల ఆధార్‌లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా బడి రిజిస్టర్లో చివరికి పోతుంది. స్పెల్లింగులో ఒక్క అక్షరం తేడా ఉన్నా స్కాలర్‌షిప్ డబ్బు పడేచోట ఆగిపోతుంది. హెడ్మాస్టారి దగ్గర ఇప్పుడే సరిచూపించుకోండి.

బాబు మొద్దబ్బాయి అయిపోలేదు. ఇల్లు కూలిన రోజుల్లో బడికి వెళ్లక వాడు వినని పాఠాలు ఉంటాయి. ధన, ఋణ సంఖ్యల దగ్గర జారితే సమీకరణాలు అర్థం కావు, భిన్నాల దగ్గర జారితే శాతాలు అర్థం కావు. ఇక నిద్ర చూడండి. 13 ఏళ్లవాడికి రోజుకి 8 నుంచి 10 గంటలు కావాలి. ఏడుగురున్న గదిలో లైటు ఆర్పేసరికి పదకొండైతే, ఎండాకాలం పొద్దున బడికి వాడు సగం నిద్రలోనే వెళ్తాడు. పిల్లలిద్దర్నీ గోడవైపు ముందు పడుకోబెట్టండి, టీవీ ఉంటే తొమ్మిదికి ఆపించండి. తమ్ముడితో ఈ ఒక్క మాట గట్టిగానే అనండి.

లెక్కలకి ఇలా చేయండి. భాగహారం, భిన్నాలు, ఋణసంఖ్యలు, శాతాలు, చిన్న సమీకరణాలు. ఒక్కోదానికి ఐదు చొప్పున పాతిక లెక్కలు రెండు రోజుల్లో చేయించండి. ఐదింటిలో మూడు తప్పిన మొదటి చోటే తెగిన చోటు. అక్కణ్నుంచి రోజుకి అరగంట, ఆరు వారాలు. ఆ అరగంట ఇంట్లో వద్దు. బడి వదిలాక అక్కడే వరండాలో కూర్చోనివ్వమని, పుస్తకాలు బీరువాలో పెట్టనివ్వమని మాస్టార్ని అడగండి. చాలామంది కాదనరు. పుస్తకాలు బడిలో ఉంటే ఇల్లు మారినప్పుడు పోవు, తడవవు.

హాస్టల్ సంగతి తొందరపడకండి. 8వ తరగతి పిల్లలకి ఎన్‌ఎంఎంఎస్ అని కేంద్ర ప్రభుత్వ స్కాలర్‌షిప్ పరీక్ష ఉంది. నెగ్గితే 9 నుంచి 12 వరకు ఏడాదికి 12,000 రూపాయలు. 7లో మొత్తం మీద 55 శాతం ఉండాలి (ఎస్సీ, ఎస్టీలకి 50), కుటుంబ ఆదాయం మూడున్నర లక్షలు దాటకూడదు. రెండు పేపర్లు, ఒక్కోదానికి 90 నిమిషాలు. ప్రభుత్వం తిండి, వసతి ఇచ్చే రెసిడెన్షియల్ బడిలో చేరిన పిల్లలకి ఇది రాదు. ముందు హాస్టల్లో వేసేసి తర్వాత ఈ సంగతి తెలిసి బాధపడే తల్లిదండ్రులు ఉంటారు.

పాపకి మాత్రం రెసిడెన్షియలే నా సలహా. నవోదయ అనే కేంద్ర ప్రభుత్వ రెసిడెన్షియల్ బడిలో 6వ తరగతికి ప్రవేశ పరీక్ష 5లో ఉండగానే రాయాలి. 80 ప్రశ్నలు, 2 గంటలు, 100 మార్కులు. ఫారానికి డబ్బు కట్టక్కర్లేదు. ఏ జిల్లా నవోదయకి రాస్తే ఆ జిల్లాలోనే 5వ తరగతి ఏడాదంతా చదవాలి. మధ్యలో పాతపట్నం వెళ్తే గజపతి జిల్లా సీటుకి అర్హత పోతుంది. సీటొస్తే నివాస రుజువు అడుగుతారు కనుక తమ్ముడి చిరునామాతో ఇప్పుడే సిద్ధం చేసుకోండి. రాకపోతే ఆడపిల్లల రెసిడెన్షియల్ బడి అయిన కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయంలో 6 నుంచి చేర్చవచ్చు. తమ్ముడింట్లో కూడా ఉండలేని రోజొస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పిల్లల్ని లాక్కుపోతారని భయపడకండి. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం సంస్థలో పెట్టడం చిట్టచివరి మార్గం.

షెడ్డు విషయం తమ్ముడికి ఇలా చెప్పండి. 14 నిండని పిల్లాణ్ని అలాంటి పనిలో పెట్టుకోవడం నేరం, కేసు షెడ్డు యజమాని మీద పడుతుంది. బాబుకి ఇంజన్లంటే నిజంగా ఇష్టమైతే ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడు ఉంది. దానికి 10 పాసవ్వాలి, సైన్సు, లెక్కలతో.