పక్షవాతం వచ్చిన మామగారికి ఇంట్లో ముక్కు ట్యూబ్, యూరిన్ బ్యాగ్ ఎలా చూసుకోవాలి?

ఆదోని నుంచి ఒక కోడలు అడిగారు. మామగారికి పక్షవాతం వచ్చింది, ముక్కులో రైల్స్ ట్యూబ్‌తో (ముక్కు నుంచి కడుపులోకి ఆహారం పోసే గొట్టం), యూరిన్ బ్యాగ్‌తో ఇంటికి పంపించారు, నర్సును పెట్టుకునే స్తోమత లేదు, ముట్టుకోవాలంటేనే టెన్షన్‌గా ఉంది, ముందు ఏం నేర్చుకోవాలి అని.

నేను కర్నూలులో స్టాఫ్ నర్సుని. డిశ్చార్జి రోజు ఇవన్నీ చెప్పి పంపేది మేమే. కానీ ఆ హడావిడిలో బిల్లు, మందుల చీటీ, బండి మాట్లాడుకోవడం మధ్య మా మాట ఎవరి చెవికెక్కుతుంది? అందుకే తీరిగ్గా రాస్తున్నా.

మీరు భయపడాల్సింది ట్యూబ్‌కి కాదండీ, మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి ఫీడ్ (ట్యూబ్‌లో పోసే ద్రవాహారం) పోయడానికి. కడుపులోది పైకి తన్ని ఊపిరితిత్తుల్లోకి పోతే నిమోనియా వస్తుంది. తల వైపు 30 నుంచి 45 డిగ్రీలు లేపి ఉంచాలి. దిండ్లు ఒక్క తల కిందే పెడితే మెడ వంగుతుంది తప్ప లాభం లేదు, నడుము నుంచి లేవాలి. ఫీడ్ అయ్యాక అరగంట నుంచి గంట దాకా అలాగే ఉండాలి. పక్కబట్టలు మార్చడం, ఒళ్లు తుడవడం లాంటివి ఫీడ్‌కి ముందే ముగించుకోండి.

ట్యూబ్ మీద ముక్కు దగ్గర పెన్నుతో గుర్తు పెట్టుకోండి. ఆ గుర్తు బయటికి జరిగినా, ప్లాస్టర్ ఊడినా పోయొద్దు. ప్రతిసారీ పోసే ముందు సిరంజితో మెల్లగా వెనక్కి లాగి చూడండి. ముందటి ఫీడ్ చాలావరకు అలాగే వస్తుంటే అరగలేదన్నమాట, ఆపి డాక్టర్‌ని అడగండి. సిరంజితో గాలి కొట్టి పొట్ట మీద చప్పుడు వినే పద్ధతి ఇంకా చాలామంది చెబుతారు, దాన్ని నమ్మొద్దు. ట్యూబ్ ఊపిరితిత్తుల్లో ఉన్నా అలాంటి చప్పుడే వినిపించొచ్చు. ట్యూబ్ పూర్తిగా వచ్చేస్తే ఇంట్లో ఎవరూ తోయొద్దు, ఆసుపత్రిలోనే వేయించాలి.

ఫీడ్‌ని సిరంజి పిస్టన్‌తో నెట్టకండి, దానంతట అదే దిగనివ్వండి. ముందూ వెనకా కాచి చల్లార్చిన నీళ్లు కొంచెం పోయాలి. మన వైపు సంగటి తిననిదే మనిషికి బలం రాదని గట్టి నమ్మకం కదా, దాన్నే పలచగా కలిపి పోసి ట్యూబ్ మూసుకుపోయాక తీసుకొస్తారు! రాగి జావ ఇవ్వొచ్చు, గుడ్డలో వడగట్టి గోరువెచ్చగా. మాత్రలు నూరే ముందు మాత్రం అడగండి. మెల్లగా కరిగే రకం మాత్రలను నూరకూడదు.

ఎండాకాలం చూడ్డానికి వచ్చిన పెద్దమ్మలు "గొంతెండిపోతోంది పాపం" అని చెంచాతో నీళ్లు పోస్తారు. మర్యాదకు పోకండి, గట్టిగానే వద్దనండి. మింగడం వచ్చిందో లేదో డాక్టర్ చూసి చెప్పేదాకా నోట్లో ఏదీ పోయకూడదు. తడిపి గట్టిగా పిండిన మెత్తటి గుడ్డతో రోజుకు రెండుసార్లు నోరు తుడిచి, పెదాలకు వాసెలిన్ రాస్తే చాలు.

యూరిన్ బ్యాగ్ ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, కానీ నేలకు తగలకూడదు. తిప్పేటప్పుడు, కూర్చోబెట్టేటప్పుడు దాన్ని ఒళ్లో పెట్టేస్తారు, ఉచ్చ వెనక్కి పారి ఇన్ఫెక్షన్ వస్తుంది. నిండిపోయేదాకా ఆగకుండా కింది మూత నుంచే ఖాళీ చేయండి, పైన పైపు ఊడదీయొద్దు. ఉచ్చ పైపుని తొడకు ప్లాస్టర్ వేసి ఆనించండి. మూత్రాశయం లోపల అది జారకుండా నీళ్లు నింపిన బెలూన్ ఉంటుంది, లాగితే రక్తం వస్తుంది. వీటిలో ఏది ముట్టుకున్నా ముందూ తర్వాతా సబ్బుతో 40 సెకన్లకు తగ్గకుండా చేతులు కడుక్కోండి.

పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి, రాత్రి కూడా. ఇది ఒక్కరి వల్ల కాదు, మీ ఆయనతో వంతులు వేసుకోండి. ఎర్రబడిన చోట రుద్దకండి, స్పిరిట్ పూయకండి. ఎయిర్ బెడ్ ఉన్నా తిప్పడం తప్పదు.

ఫీడ్ మధ్యలో దగ్గు, ఆయాసం వచ్చినా, పెదాలు నీలంగా మారినా వెంటనే ఆపి, పక్కకు తిప్పి 108కి ఫోన్ చేయండి. చలిజ్వరం వచ్చినా, పైపు మడత పడకున్నా ఉచ్చ ఆగి పొత్తికడుపు ఉబ్బినా తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.