రేగు చెట్టు కాయాలంటే ఏప్రిల్‌లో రంపం పట్టాలి

"హైదరాబాద్‌లో మా ఇంటి ముందు నాటిన రేగు చెట్టుకు నాలుగేళ్లు నిండాయి, ప్రహరీ దాటి పెరిగింది గాని కాయలు గుప్పెడు కూడా రావడం లేదు, ఎరువు మార్చాలా, నీళ్లు ఎక్కువ పోయాలా?" అని మీరు అడిగారు. రెండూ వద్దు. వనస్థలిపురంలోని మా పెరట్లో పదకొండేళ్లుగా గంగరేగు చెట్టును సాకుతున్న అనుభవంతో చెబుతున్నాను, మీ చెట్టుకు ఆకలీ లేదు, దాహమూ లేదు. దానికి కావలసింది కొమ్మల కత్తిరింపు.

రేగు పాత కొమ్మకు పూయదు. ఆ ఏడాది వచ్చిన కొత్త రెమ్మల మీద, ఆకు పంగల్లో పూస్తుంది. ఏళ్ల తరబడి కత్తిరించకుండా వదిలేస్తే బలమంతా పాత కొమ్మల సాగుదలకే పోయి, కొత్త రెమ్మలు చివర్లలో నాలుగు వస్తాయి, కాయలు కూడా అక్కడే, చేతికందని ఎత్తులో, గోళీలంత సైజులో వస్తాయి. మన దగ్గర ఎండలు ముదిరేసరికి ఈ చెట్టు ఆకు రాల్చి నిద్రపోతుంది. ఏప్రిల్, మే నెలల్లోని ఆ నిద్రలోనే కత్తిరించాలి.

నేను ఈ సంగతి నేర్చుకున్నది మా చెట్టుకు ఐదో ఏడు వచ్చినప్పుడు. అది మా అత్తయ్యగారు తన మనవరాలి భోగిపళ్ల కోసం నాటించిన చెట్టు. ఐదేళ్లయినా బజారులో కొన్న రేగిపండ్లతోనే పిల్ల తలమీద పోయవలసి వస్తోందని ఆవిడకు లోలోపల దిగులుగా ఉండేది. మా వీధిలో తోటపని చేసే నాగర్‌కర్నూలు పెద్దాయన ఒకనాడు చెట్టు చుట్టూ రెండుసార్లు తిరిగి చూసి, "కొట్టుడు మొదలువెట్టినంక నడుమ ఆపమనొద్దు, అమ్మా" అని ముందే మాట తీసుకున్నాడు. ఉదయం ఆరున్నరకు రంపం పట్టినవాడు తొమ్మిదింటికి దిగేసరికి, నా తల ఎత్తున నాలుగు మోటు కొమ్మలు తప్ప ఏమీ మిగలలేదు. రేగుకు ప్రతి కణుపు దగ్గర రెండు ముళ్లుంటాయి, ఒకటి నిటారుగా, రెండోది కొక్కెంలా వెనక్కి వంగి. ఆ కొక్కెపు ముల్లు నా చీర కొంగును పట్టుకుంటే, విడిపించడానికి ఎటు లాగినా ఇంకో ముల్లు పట్టుకునేది. కోసిన ప్రతిచోటా బూజు పట్టకుండా కాపర్ ఆక్సీక్లోరైడ్ మందును ముద్దగా కలిపి పూశాడు. అత్తయ్యగారు వాకిట్లోకి వచ్చి ఆ మోడును చూసి, "చెట్టు ప్రాణం తీశారు కదమ్మా" అని లోపలికి వెళ్లి ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి కూర్చోలేదు. నాకు కూడా తప్పు చేశామేమోనన్న భయం జూన్ వరకు పోలేదు.

తొలకరి పడిన కొద్ది రోజులకు మోడు నిండా మొలకలు వచ్చాయి, వేలితో తడిమితే ఆకు అడుగున తెల్లటి నూగు మెత్తగా తగిలేది. సెప్టెంబరులో ప్రతి ఆకు పంగలోనూ పసుపుపచ్చని చిన్న చిన్న పూలు గుత్తులుగా వచ్చాయి. ఆ పూల వాసన బాగుండదు, ఈగలు ముసురుతాయి, చాలామంది అది చూసి కంగారుపడి మందు కొడతారు. కొట్టకండి. ఆ ఈగలూ తేనెటీగలూ వాలితేనే కాయ నిలుస్తుంది.

నీళ్ల విషయంలో నా అభిప్రాయం గట్టిది. వేసవి నిద్రలో ఉన్నప్పుడు అసలు పోయకండి, పూత మీద ఉన్నప్పుడు చెట్టు మొదలు దగ్గర నీరు నిలవనీయకండి, పిందె శనగగింజంత అయ్యాక మాత్రం పదిహేను రోజులకోసారి బాగా తడపండి. చలి మొదలయ్యే రోజుల్లో ఆకుల మీదా పిందెల మీదా తెల్లని పొడి కనిపిస్తే అది బూడిద తెగులు, నీటిలో కరిగే గంధకం లీటరుకు మూడు గ్రాములు కలిపి చల్లితే చాలు. కాయలో పురుగు పడితే రాలిన కాయలను ఏ రోజుకారోజు ఏరి పారేయాలి, వేసవిలో చెట్టు కింద మట్టిని తిరగేయాలి, ఎందుకంటే ఆ పురుగు కాయ ఈగది, అది ఈగగా మారేముందు గూటిలో ఉండే కోశస్థ దశ గడిపేది అక్కడే. ఈ పని చేయడానికి చెట్టు కింద మట్టి ఉండాలి కదా! కాండం చుట్టూ అరచేయంత చోటు వదిలి మిగిలినదంతా సిమెంటు చేయించి, చెట్టు కాయడం లేదని బాధపడే ఇళ్లు మా కాలనీలోనే ఎన్నో ఉన్నాయి, అది చూసినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది.

మీరు ఇంకొకటి తప్పక చూసుకోవాలి. కాండం అడుగున అంటు కట్టిన ముడి కనిపిస్తుంది. దాని కిందనుంచి వచ్చే పిలకలు అడవి రేగువి, వాటిని ఎప్పటికప్పుడు తీసేయకపోతే అవే చెట్టంతా ఆక్రమించి పుల్లని చిట్టి కాయలు కాస్తాయి. మేము మొదట కొన్న మొక్కకు అంటు కట్టనే లేదు, గింజ మొక్కకే ప్లాస్టిక్ పట్టీ చుట్టి అంటుమొక్క ధరకు అమ్మారు, మూడేళ్లు వృథా అయ్యాయి. కనుక పట్టీని కాదు, ముడిని చూసి కొనాలి. ఆపిల్ రేగు నాటమని చాలామంది సలహా ఇస్తారు. కాయ పెద్దదే, కాని గంగరేగులోని ఆ తీపి పులుపు దానికి ఎన్నటికీ రాదు, భోగినాడు పసిపిల్ల నెత్తిమీద పోయడానికీ ఆ బరువు తగదు.

ఆ సంక్రాంతికి మా చెట్టు కాసిన కాపును అత్తయ్యగారు స్వయంగా ఇత్తడి పళ్లెంలోకి ఏరారు. పచ్చి కాయ కోస్తే ఇంట్లో పండదని, పసుపు తిరిగినవే తీసుకున్నారు. భోగినాడు వాటిలో చెరకు ముక్కలూ బంతి రేకులూ చిల్లరా కలిపి మనవరాలికి పోసి, మిగిలినవి రథసప్తమి స్నానానికి జిల్లేడాకులతోపాటు దాచారు. మరుసటి ఏప్రిల్‌లో ఆ పెద్దాయనకు కబురు పెట్టింది ఆవిడే.

ఇప్పుడు మీ చెట్టు మీద ఉన్న నాలుగు కాయలనూ పండనివ్వండి, ఆకు రాలేదాకా ఒక్క కొమ్మను కూడా ముట్టుకోకండి.