ఉచితంగా దొరికే హెచ్‌ఐవీ మాత్రలకు గొలుసు తాకట్టు పెట్టక్కర్లేదు

ప్రశ్న: మాది ఒడిశాలోని రాయగడ. మా ఆయనకు హెచ్‌ఐవీ. విశాఖలో ప్రైవేటు డాక్టరుకు చూపిస్తున్నాం. మాత్రలకే నెలకు 3 వేలు అవుతోంది, గొలుసు తాకట్టు పెట్టాను. ప్రభుత్వాసుపత్రిలో ఇచ్చేవి చవక మందులు, పనిచెయ్యవంటున్నారు. పైగా ఇక్కడ తెలిసినవాళ్లు చూస్తారని భయం. జీవితాంతం మందులకు ఎంత దాచుకోవాలి?

జవాబు: అమ్మా, ముందు ఆ మాత్రల డబ్బా మీద చిన్న అక్షరాలు చదవండి. టెనోఫోవిర్ 300, లామివుడిన్ 300, డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు అని ఉందా? ప్రభుత్వ ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రాల్లో ఎక్కువమందికి ఇచ్చే రోజుకొక్క మాత్రలోనూ ఉండేవి ఆ మూడే. మీరు డబ్బు పోసి కొంటున్నదీ జెనరిక్కే, అంటే అదే మందును వేరే కంపెనీలు చవగ్గా తయారుచేసిందే.

చవకంటే నాసి అనుకోకండి. 2000 ప్రాంతంలో ఈ చికిత్సకు మనిషికి ఏడాదికి 10 వేల డాలర్లు దాటేది. 2001లో మన మందుల కంపెనీ సిప్లా 350 డాలర్లకే ఇస్తామంది. తర్వాత మన కంపెనీలు పోటీపడ్డాయి. 2017లో కుదిరిన ఒప్పందంతో, పేద దేశాల ప్రభుత్వాలకు పైన చెప్పిన మాత్ర ఏడాదికి సుమారు 75 డాలర్లకే దొరికింది. ధర దిగింది పోటీ వల్ల, మందు పలచనై కాదు. మీరు వెళ్లే విశాఖ పక్కనే అచ్యుతాపురంలో తయారైన ఈ మందులు ఆఫ్రికా దాకా వెళ్తున్నాయి. మన దేశంలో 2004 నుంచే ప్రభుత్వం ఏఆర్‌టీ ఉచితంగా ఇస్తోంది. రక్తంలో వైరస్ ఎంతుందో చూసే వైరల్ లోడ్ పరీక్షకూ డబ్బు కట్టక్కర్లేదు.

కాబట్టి జీవితాంతం మందులకని నిధి పెట్టాల్సిన పనే లేదు. హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097కు ఫోన్ చేస్తే దగ్గరి కేంద్రం చెబుతారు, కాల్ ఉచితం. రాయగడలో ఇబ్బందైతే బరంపురం వైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లండి. రోగి వివరాలు బయటపెట్టకూడదని 2017 హెచ్‌ఐవీ చట్టం కచ్చితంగా చెబుతోంది. పాత కాగితాలన్నీ పట్టుకెళ్లండి. అక్కడ మందు చేతికొచ్చేదాకా ఇప్పటిది ఒక్క పూట కూడా ఆపొద్దు. డబ్బు మిగల్చడానికి మాత్రలు మానేస్తే మందు పనిచెయ్యడం మానేసి, ఖరీదైన చికిత్స మీద పడుతుంది.

మిగిలే 3 వేలు, అంటే ఏడాదికి 36 వేలు, ముందు గొలుసు విడిపించడానికే కట్టండి. ఆ వడ్డీని మించిన రాబడి ఏ డిపాజిట్టూ ఇవ్వదు. తర్వాత పోస్టాఫీసులో ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) మొదలుపెట్టండి. ఇకపై మీకు నిజంగా తగిలే ఖర్చు దారి చార్జీలు, ఆ రోజు పోయే కూలీ. ఆయన ఆరోగ్యం కుదురుగా ఉంటే కొన్ని నెలల మందు ఒకేసారి ఇస్తారు, అడగండి. హెచ్‌ఐవీ/ఎయిడ్స్ ఉన్నవారికీ వర్తించే ఒడిశా ప్రభుత్వ మధుబాబు పింఛనుకూ దరఖాస్తు పెట్టండి.

మీ ఉత్తరంలో మీ పరీక్ష సంగతి లేదు. ఆయనతో వెళ్లిన రోజే మీరూ చేయించుకోండి, అదీ ఉచితమే.