పీరియడ్స్‌కి ముందు వచ్చే చిరాకు తిండి మారిస్తే తగ్గుతుందా?

తగ్గుతుందండీ, కానీ పూర్తిగా పోదు. డేట్‌కి వారం ముందు నుంచి చిన్న మాటకే ఏడుపు, పిల్లల మీద అరవడం, రాత్రి పదింటికి స్వీటు కోసం ఫ్రిజ్ వెతకడం అని రాశారు కదా, నాకూ అచ్చం ఇవే, వీటికి తోడు పొట్ట ఉబ్బరం. మా ఇంట్లో దీనికి ఒకటే వైద్యం, "వేడి చేసింది, మజ్జిగ తాగు".

నాకు అన్నిటికంటే బాగా పనిచేసింది వినడానికి చాలా చప్పగా ఉంటుంది. ఆ వారం ఆకలితో ఉండకపోవడం, అంతే. అంతకుముందు పొద్దున టీ, రెండు బిస్కెట్లతో ఆఫీసుకి పోతే మళ్లీ మధ్యాహ్నం రెండుకే బాక్సు తీయడం, మామూలు రోజుల్లో అలాగే గడిచిపోయేది గానీ ఆ వారంలో మాత్రం పన్నెండు దాటిందంటే ఎవరు పలకరించినా మీద పడిపోవాలనిపించేది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ పెరిగి ఒంటి ఉష్ణోగ్రత కాస్త పెరుగుతుంది, చాలామందికి ఆకలి కూడా పెరుగుతుంది, అది మన తిండియావ కాదు. ఇప్పుడు పొద్దున్నే పెసరట్టో, ఉప్మా మీదికి ఓ ఉడికించిన గుడ్డో తిని, పదకొండింటికి గుప్పెడు గుగ్గిళ్లు తింటాను. సాయంత్రం స్వీటు మీదికి మనసు పోవడం సగానికి సగం తగ్గింది. అన్నం పూర్తిగా మానేయమని చెప్పే డైట్లు మాత్రం ఆ వారం పెట్టుకోకండి. పిండిపదార్థం తిన్నాక ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం మెదడుకి తేలిగ్గా చేరుతుంది, మన మూడ్‌కి సంబంధించిన సెరొటోనిన్ తయారయ్యేది దాంతోనే.

రెండోది కాల్షియం. ఈ విషయంలో తిండికి సంబంధించి కాస్త గట్టి ఆధారం ఉన్నది దీనికే. 1998లో అమెరికాలో 466 మంది ఆడవాళ్ల మీద చేసిన పరీక్షలో రోజుకి 1200 మిల్లీగ్రాముల కాల్షియం తీసుకున్నవాళ్లకి మూడో నెలకి లక్షణాలు 48 శాతం తగ్గాయి. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లకీ 30 శాతం తగ్గాయి, అదీ గుర్తుపెట్టుకోండి. మన తిండిలో తెల్లన్నం ఎక్కువ, అందులో కాల్షియం లేనట్టే, అదే రాగిపిండి 100 గ్రాముల్లో 350 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, నువ్వుల్లో వెయ్యి పైనే. రాగిజావ, రెండు పూటలా పెరుగు, వారంలో ఒకట్రెండుసార్లు మునగాకు పప్పు, రోజుకో నువ్వుండ, ఇదీ నా లెక్క. వారంలో తేడా కనిపించదు, నాకూ కొన్ని నెలలు పట్టింది. "నువ్వులు వేడి, డేట్ ముందుకొచ్చేస్తుంది" అని మా అత్తగారు అంటారు గానీ, పెద్దమనిషైన పిల్లకి చిమ్మిలి దంచి పెట్టేదీ వాళ్లే కదా!

ఉబ్బరానికైతే డేట్‌కి ముందు నాలుగు రోజులు ఊరగాయ, అప్పడాలు, చిప్స్ తగ్గిస్తే నాకు తేలిగ్గా అనిపిస్తుంది. కాఫీ మానేయమంటారు, నేను మానేసి చూశాను, తలనొప్పి తప్ప ఏమీ రాలేదు, కాబట్టి ఒక కప్పు ఉంచుకున్నాను. రాత్రి నిద్ర పట్టకపోతే మాత్రం సాయంత్రం కప్పు తీసేయండి.

ఇంకొకటి, నీరసం, విసుగు అంతా పీఎంఎస్ (పీరియడ్స్‌కి ముందు వచ్చే ఈ ఇబ్బందులు) ఖాతాలో రాసేయకండి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రలో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఒకసారి హిమోగ్లోబిన్ చూపించుకోండి. భోజనం అవగానే టీ తాగే అలవాటుంటే ఓ గంట ఆగి తాగండి, టీ వల్ల ఐరన్ సరిగా ఒంటికి పట్టదు. విటమిన్ బీ6 మాత్రలు షాపులో అడిగి తెచ్చుకుని నెలల తరబడి ఎక్కువ డోసులో మింగొద్దు, నరాలు దెబ్బతిని కాళ్లూ చేతులూ తిమ్మిర్లు పడతాయి.

ఒక రెండు నెలలు క్యాలెండర్ మీద రోజూ మూడ్ ఎలా ఉందో గుర్తు పెట్టండి. డేట్ వచ్చిన రెండు మూడు రోజుల్లో తేలిక పడుతోందా, లేక నెలంతా అలాగే ఉంటోందా అని చూడండి, నెలంతా ఉంటే అది వేరే సంగతి. ఆ వారంలో బతకాలని లేదనిపించేంతగా ఉంటే, ఉద్యోగం, ఇల్లు రెండూ దెబ్బతింటుంటే అది పీఎండీడీ, అంటే పీఎంఎస్‌లోనే తీవ్రమైన రకం కావచ్చు, అక్కడ రాగిజావ చాలదు. ఆలస్యం చేయకుండా గైనకాలజిస్టు దగ్గరికో సైకియాట్రిస్టు దగ్గరికో వెళ్లండి. దానికి మందులున్నాయి, కొందరికైతే డేట్‌కి ముందు రెండు వారాలు వేసుకుంటే సరిపోతుంది.