స్టార్ ఉంటేనే పని చేస్తానంటున్నాడు

ప్రశ్న: మా బాబుకి ఎనిమిదేళ్లు. ఏడాదిగా కరాటే నేర్చుకుంటున్నాడు. వాళ్ల క్లాసులో పంచ్‌లు, కిక్‌లకే కాదు, మంచి నడవడికకి కూడా స్టార్లు ఇస్తారు. చెప్పిన మాట విన్నాడా, తన పక్క తానే సర్దుకున్నాడా, చెల్లితో పోట్లాడకుండా ఉన్నాడా అని ఒక కాగితం మీద మేం టిక్ పెట్టి, సంతకం చేసి పంపాలి. పది స్టార్లకి బెల్టు మీద ఒక చార అంటిస్తారు. మొదట్లో ఎంతో బాగుండేది. ఇప్పుడు మంచినీళ్లు తెమ్మన్నా ‘దీనికి స్టార్ ఉందా?’ అంటున్నాడు. మొన్న చెల్లిని కొట్టి కూడా ఆ గడిలో టిక్ పెట్టమని ఒకటే ఏడుపు. చూడలేక పెట్టేశాను. క్లాసు మాన్పించమంటారా మాస్టర్ గారూ?
— ఒక తల్లి

జవాబు: మాన్పించకండమ్మా. ముందు ఆ టిక్ సంగతి చూద్దాం.

నేను పిల్లలకి కరాటే నేర్పడం మొదలుపెట్టి ఇరవై రెండేళ్లయింది. మొదటి ఆరేళ్లూ నేనూ ఇలాంటి కాగితాలే ఇంటికి పంపేవాణ్ణి. వారం వారం అన్ని గడులూ నిండి వచ్చేవి. ఒకసారి ఒక పాప మాత్రం రెండు గడులు ఖాళీగా తెచ్చింది. ‘అమ్మమ్మ మీద అరిచాను మాస్టర్, అందుకే అమ్మ పెట్టలేదు’ అంది. నిండు కాగితాలు తెచ్చిన పదహారు మందికీ చారలు అంటించాను. ఉన్నదున్నట్టు చెప్పిన ఆ ఒక్క పిల్లని ఉత్త చేతులతో పంపాను. ఇంటికి వెళ్లాక గానీ నేనేం చేశానో తట్టలేదు. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. కాగితాలు అప్పుడే ఆపేశాను.

మీ బాబుది అత్యాశ అనుకోకండి. మనం నేర్పిన లెక్కే వాడు మనకి అప్పజెబుతున్నాడు. 1973లో అమెరికాలో బొమ్మలు వేయడం ఇష్టమున్న చిన్న పిల్లల మీద ఒక పరిశోధన జరిగింది. బొమ్మ వేస్తే సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. కొందరికి చెప్పకుండా, బొమ్మ వేశాక ఇచ్చారు. కొందరికి ఏమీ ఇవ్వలేదు. కొద్ది రోజుల తర్వాత చూస్తే, ముందే మాట తీసుకున్న పిల్లలు మిగతావాళ్లు బొమ్మలతో గడిపిన సమయంలో సుమారు సగమే గడిపారు. అనుకోకుండా అందుకున్నవాళ్ల ఇష్టం మాత్రం తగ్గలేదు. అంటే బహుమతి ఒక్కటే చెడగొట్టదు, ముందే కుదుర్చుకున్న బేరం చెడగొడుతుంది. అసలు ఇష్టమే లేని పనిని మొదలుపెట్టించడానికి చిన్న బహుమతి పనికొస్తుంది, కాదనను. కానీ చెల్లి మీద ప్రేమకి రేటు కట్టకూడదు.

బెల్టు గురించి కూడా ఒక మాట. కరాటేలో ఈ అంచెలు మొదటి నుంచీ ఉన్నవి కావు. జూడోని స్థాపించిన కానో జిగోరో 1880లలో దాన్ పద్ధతి, అంటే నేర్చుకున్నదాన్ని బట్టి అంచెలు ఇచ్చే పద్ధతి, పెట్టారు. ఒకినావా నుంచి వచ్చి టోక్యోలో కరాటే నేర్పిన ఫునకోషి గిచిన్ దాన్ని తీసుకుని, 1924లో తన శిష్యులకి మొదటి దాన్‌లు ఇచ్చారు. బ్లాక్ బెల్టులో మొదటి మెట్టుని షోదాన్ అంటారు, అంటే ఆరంభపు అంచె అని. ఎవరు ఎంతవరకు నేర్చుకున్నారో, తర్వాత ఏ పాఠం చెప్పాలో బెల్టు చూస్తే తెలుస్తుంది. గుణానికి కొలత కాదది. గుణం కోసం షోటోకాన్ అనే కరాటే శైలి క్లాసుల్లో ఐదు వాక్యాలు చెప్పిస్తాం. వాటిలో మొదటిది వ్యక్తిత్వాన్ని తీర్చిదిద్దుకోమని. జపాన్ భాషలో ఐదింటికీ ముందు ‘ఒకటి’ అనే ఉంటుంది. రెండు, మూడు అని ఉండదు. ఏదీ తక్కువది కాదన్నమాట. నాకు అది ఎంతో ఇష్టం.

మరి నేనిప్పుడు చారలు ఇవ్వనా అంటే, ఇస్తాను. ఒక కుర్రాడు కుమితేలో, అంటే ఇద్దరు ఎదురెదురుగా తలపడే సాధనలో, ‘నా పిడికిలి వాడి ముక్కుకి తగిలింది మాస్టర్’ అని తనే చెయ్యెత్తాడు. నేను చూడలేదు. అలా తగిలితే పాయింటు పోతుందని వాడికి తెలుసు. క్లాసు అందరి ముందూ చార అంటించాను. అక్కడ మళ్లీ పొరపాటు చేశాను. మరుసటి వారం నలుగురు పిల్లలు తగలని దెబ్బకి కూడా తగిలిందని చేతులెత్తారు! అప్పటి నుంచి అందరూ వెళ్లిపోయాక పిలిచి ఇస్తున్నాను. దేనికి ఇస్తానో ముందు చెప్పను. ఇచ్చేటప్పుడు మాత్రం ‘నువ్వు ఫలానా పని చేశావు, నేను చూశాను’ అని చెబుతాను. ఇచ్చినది తిరిగి తీసుకోను. మర్నాడు వాడు తప్పు చేస్తే ఆ తప్పు గురించే మాట్లాడతాను.

మీరు ఈ వారమే బాబుని కూర్చోబెట్టుకుని, ‘ఆ టిక్ నేను పెట్టకుండా ఉండాల్సింది. అది నా తప్పు’ అనండి. మీరలా ఒప్పుకోవడం వాడు చూడాలి. తర్వాత ఇద్దరూ వెళ్లి వాళ్ల మాస్టర్‌కి ఆ సంగతి చెప్పండి. నడవడిక స్టార్లు తన కళ్లతో చూసినవాటికే ఇమ్మని, ఇంటి కాగితం వద్దని అడగండి. మంచినీళ్లకి స్టార్ లేదు, అది ఇంట్లో అందరూ చేసే పని. రెండు మూడు వారాలు అలుగుతాడు. అలగనివ్వండి. ఎప్పుడైనా అడగకుండానే చెల్లి చెప్పులు తెచ్చిచ్చాడనుకోండి, ‘చెల్లికి చెప్పులు తెచ్చావు కదూ, చూశాను’ అనండి చాలు. ‘కొడితే మాస్టర్‌కి చెప్తాను’ అని మాత్రం బెదిరించకండి. క్లాసంటేనే టెన్షన్ పట్టుకుంటుంది.

ప్రశ్న: మా అమ్మాయి బెల్టు టెస్టు ఫెయిలైంది. తోటివాళ్లందరికీ వచ్చింది. మాస్టర్‌తో మాట్లాడి ఇప్పించడం తప్పా?
— ఒక తండ్రి

జవాబు: తప్పేనండి. రాని కాటాకి, అంటే వరస కదలికల పాఠానికి, బెల్టు కడితే, క్లాసులో వరుసలో నిలబడిన ప్రతిసారీ ఆ సంగతి తనకి గుర్తొస్తుంది. ఎక్కడ తప్పిందో మాస్టర్‌ని తననే అడగమనండి. చాలాసార్లు అది ఒక్క మలుపో, ఒక్క స్టాన్సో (నిలబడే తీరో) అయి ఉంటుంది. రోజూ పది నిమిషాలు ఆ ఒక్కటే చేయమనండి. మీరు పక్కన కూర్చుని చూడండి, ఫోన్ పక్కన పెట్టి.